కరువు పనికి పోనా అక్కా? మా మామ వద్దంటున్నాడు

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక చిన్న పల్లె. నాకు 33 ఏళ్లు, పదో తరగతి పాసయ్యాను. మూడెకరాల మెట్ట ఉంది. వేరుశనగ వేస్తాం, వాన పడితే పంట, లేదంటే అప్పు. మా ఆయన బెంగళూరులో బిల్డింగు పనికి పోతాడు, రెండు నెలలకోసారి వస్తాడు. పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. బాబుకు మూడేళ్లు. ఈ ఎండాకాలం మా వీధి ఆడవాళ్లంతా కరువు పనికి పోతున్నారు, నన్నూ రమ్మంటున్నారు. మా అత్త పొమ్మనే అంటుంది కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు, బాబు వెనక పరుగెత్తలేదు. మా మామ మాత్రం "మన ఇంటి కోడలు తట్ట ఎత్తుకుని చెరువులో దిగితే నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోవాలి" అంటాడు. జాబ్ కార్డు ఆయన పేరుతోనే ఉంది. ఇంకో మాట. మా ఊరికి వచ్చిన ఒక సారు, "ఇలాంటి తాత్కాలిక పనులతో ఏ పేద దేశంలోనూ ఆడవాళ్ల బతుకు మారలేదు, ఉన్న చాకిరీకి ఇంకో చాకిరీ తోడవుతుంది, అంతే" అన్నాడు. అది విన్నప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. పోవాలా, వద్దా? పోతే ఏం చూసుకోవాలి?

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను. వెళ్లు తల్లీ. కాకపోతే పనిలోకి దిగేముందే రెండు సంగతులు తేల్చుకో. కూలి డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? నువ్వు పనిలో ఉన్నంతసేపు ఇంటి పని ఎవరి నెత్తిన పడుతుంది? ఆ సారు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఆయన చూసిన చోట్ల ఈ రెండూ ఎవరూ తేల్చి ఉండరు. తేల్చుకున్న చోట్ల ఆడవాళ్లకు మేలే జరిగింది.

మీరు కరువు పని అంటున్నది ఉపాధి హామీ పథకం. అది దేశం మొత్తానికి మొదలైంది మీ పక్కనే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. అప్పుడు మన రాష్ట్రంలో రోజు కూలి 80 రూపాయలు. 2025–26కి అది 307 అయింది. అంకె కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆడకైనా మగకైనా ఒకటే రేటు. మీ ఊళ్లో వేరుశనగ కలుపుకు ఆడకూలి ఎంత, మగవాళ్ల పనికి ఎంత అన్నది నాకన్నా నీకే బాగా తెలుసు. ఇక్కడ ఆ తేడా పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కాంట్రాక్టరును కూడా ఒప్పుకోదు. పని ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు చూపాలి, దాటితే పది శాతం ఎక్కువ ఇవ్వాలి. ఇంటినీ పిల్లల్నీ వదిలి బెంగళూరు పోలేని మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు. చట్టం మూడో వంతు పని ఆడవాళ్లకు ఇవ్వమంటే, దేశం మొత్తం మీద సగానికి పైగా పనిదినాలు ఆడవాళ్లవే అయ్యాయి. కేరళలో పదిమందిలో తొమ్మిదిమంది వాళ్లే. ఎవరూ తోలుకుపోతే పోలేదు, తమకు అనువైన పని దొరికింది కాబట్టి పోయారు.

మనకన్నా ముందు మహారాష్ట్ర ఉంది. 1972 కరువులో అక్కడ లక్షల మంది ఆడవాళ్లు రాళ్లు కొట్టారు, కాలువలు తవ్వారు. ఆ అనుభవంతోనే 1977లో ఆ రాష్ట్రం పని అడిగే హక్కును చట్టం చేసింది. 1988లో కూలిని ఒక్కసారిగా దాదాపు రెట్టింపు చేసినప్పుడు మాత్రం ఖర్చుకు భయపడి పనులకు కోత పెట్టారు. అడిగినవాళ్లకు పని దొరకడం తగ్గింది. రేటు కాగితం మీద ఎంత ఉన్నా, అడిగిన రోజున పని చూపకపోతే ఏం లాభం?

పోనివాళ్లకు కూడా ఈ పని వల్ల మేలు జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ఒక పెద్ద పరిశీలన చేశారు. ఉపాధి కూలి స్మార్ట్ కార్డుల మీద సకాలంలో, మధ్యలో జారిపోకుండా అందేలా చేసిన మండలాలను మిగతావాటితో పోల్చి చూశారు. పేద ఇళ్ల ఆదాయం పెరిగింది. ఆ పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం పథకం డబ్బు కాదు, బయటి కూలి పనుల్లో వచ్చిందే. కారణం నీకు సులభంగానే అర్థమవుతుంది. చెరువు పని సరిగా నడుస్తోందంటే, కలుపుకు పిలిచే రైతు పాత రేటు చెప్పలేడు. రేపు నువ్వు ఒక్క రోజు కూడా చెరువులో దిగకపోయినా, దిగే వీలు ఉందన్న సంగతే నీ కూలి పెంచుతుంది. రైతుకు ఇది బరువే, మీరూ రైతులే కాబట్టి మీ మామకు ఆ కోపం కొంత ఉండవచ్చు. కానీ మూడెకరాల మెట్టలో కూలీలను పెట్టుకునే రోజులెన్ని, మీరే కూలికి పోయే రోజులెన్ని? ఆయన్నే లెక్కపెట్టమను.

ఇప్పుడు డబ్బు సంగతి. మధ్యప్రదేశ్ ఉత్తర భాగంలో 2013 నుంచి ఒక పరిశోధన జరిగింది. అక్కడ ఉపాధి కూలి ఇంటి పెద్ద ఖాతాలో, అంటే భర్త ఖాతాలో పడేది. కొన్ని పంచాయతీల్లో ఆడవాళ్లకు సొంత ఖాతాలు తెరిపించి, ఖాతా ఎలా వాడుకోవాలో నేర్పి, వాళ్ల కూలి వాళ్ల ఖాతాలోనే పడేలా మార్చారు. ఇంకొన్ని చోట్ల ఖాతా తెరిచి ఊరుకున్నారు. ఉట్టి ఖాతా వల్ల పెద్దగా ఏమీ కదల్లేదు. కూలి నేరుగా తమ చేతికి వచ్చి, వాడకం కూడా తెలిసిన ఆడవాళ్లు ఉపాధి పనికే కాదు, బయటి పనులకు కూడా ఎక్కువగా వెళ్లారు. అంతకుముందు పనికి పోనివాళ్లలో, భర్తలు ఒప్పుకోని ఇళ్లలో ఈ మార్పు మరీ ఎక్కువ. కొన్నేళ్లకు, ఆడది పనికి పోతే మొగుడికి నామోషీ అన్న మాట మీదే ఆ ఆడవాళ్లకు నమ్మకం తగ్గింది. మీ మామ చెప్పే మర్యాద కూడా ఇలాగే కరగవచ్చు. వాదించి ఆయన్ని ఒప్పించలేవు. నీ పేరు మీద డబ్బు వచ్చి, ఆ డబ్బుతో ఇంట్లో ఒక అవసరం గడిస్తే ఆయనే మెత్తబడతాడు.

అందుకని మొదట గ్రామ సచివాలయానికి వెళ్లి జాబ్ కార్డులో నీ పేరు ఉందో లేదో చూసుకో. లేకపోతే చేర్పించు. కార్డు ఇంటి పెద్ద పేరున ఉన్నంత మాత్రాన కూలి ఆయనకు పోనక్కర్లేదు, పని చేసిన మనిషి ఖాతాలోనే పడాలి. తర్వాత బ్యాంకుకు వెళ్లు. 2024 జనవరి నుంచి ఉపాధి కూలి ఆధార్ ఆధారంగానే చెల్లిస్తున్నారు. ఆధార్‌కు చివరిగా ఏ ఖాతా జతచేశారో డబ్బు దాంట్లోకి పోతుంది. పొదుపు సంఘం కోసం ఒకటి, గ్యాసు సబ్సిడీ కోసం ఒకటి, ఎప్పుడో పెళ్లికి ముందు పుట్టింట్లో తెరిచింది ఒకటి, ఇలా మూడు ఖాతాలున్న ఆడవాళ్లు చాలామంది. డబ్బు పడలేదని నెలల తరబడి ఏడుస్తారు, అది ఇంకో ఖాతాలో పడి ఉంటుంది. నీ ఆధార్ ఇప్పుడు ఏ ఖాతాకు కలిసి ఉందో బ్యాంకులో అడిగి తెలుసుకో. ఆధార్‌లో, జాబ్ కార్డులో నీ పేరు ఒకేలా ఉందో కూడా చూసుకో. పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటి ఇంటిపేరు ఇంకోచోట ఉంటే కూలి ఆగిపోవచ్చు. ఈ చిక్కు మగవాళ్లకు రాదు, పెళ్లయిన ఆడవాళ్లకే వస్తుంది. ఖాతాకు ఇచ్చే ఫోన్ నంబరు నీదే అయి ఉండాలి. డబ్బు పడినట్టు మెసేజ్ నీ ఫోనుకే రావాలి.

ఇంటి సంగతి దీనికన్నా పెద్దది. నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పాప వయసు, 13 ఏళ్లు. ఉపాధి పని పిల్లల చదువును ఏం చేసిందని చాలామంది పరిశోధకులు చూశారు. మన ఆంధ్రప్రదేశ్ పిల్లల వివరాలతో చేసిన ఒక అధ్యయనంలో, పథకంలో తల్లి చేసిన పనిదినాలు పెరిగిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగింది, తరగతులు సరిగా దాటారు. తల్లి చేతికి డబ్బు వచ్చింది, తల్లి మాటకు విలువ పెరిగింది, అది పిల్లల బడికి చేరింది. వినడానికి ఎంత బాగుంది! కానీ దేశం మొత్తం మీద చూసిన ఇంకో అధ్యయనంలో పదమూడేళ్లు, ఆపై వయసు పిల్లల్లో బడికి పోయేవాళ్లు తగ్గారు. మగపిల్లలు కూలికి పోయారు. ఆడపిల్లలు తల్లి బదులు ఇంటి పనిలోకి దిగారు. రెండూ నిజమే. తల్లి పనికి పోతే ఆ వంట, ఆ నీళ్లు, ఆ చంటివాడు ఎవరో ఒకరి మీద పడాలి కదా. ఇంట్లో పెద్దవాళ్లు పంచుకుంటే పిల్లకు మేలు. ఎవరూ పంచుకోకపోతే ఆ కూలికి వెల పిల్ల చదువు.

బడి సెలవుల్లో పాప తమ్ముణ్ణి చూసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ బడి తెరిచిన రోజు నుంచి ఒక్క పూట కూడా ఆ అమ్మాయి నీ కోసం మానకూడదు. ఇది ముందే మీ ఆయనతో ఫోన్లో మాట్లాడి ఖాయం చేసుకో. మూడేళ్ల బాబును అంగన్‌వాడీలో చేర్చు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ చదువూ తిండీ ఉంటాయి. పనేమో తెల్లవారి ఆరింటికల్లా మొదలవుతుంది, అంగన్‌వాడీ తలుపు తెరిచేది మామూలుగా తొమ్మిదికి. ఆ మూడు గంటలు మీ అత్త బాబును చూసుకోగలదు, వాడు నిద్ర లేచేసరికే గంట గడుస్తుంది. అంగన్‌వాడీలో దింపే పని మీ మామకు అప్పగించు. ఆయన చేయి పట్టుకుని మనవడు వీధిలో నడిస్తే ఆయన మర్యాదకు ఏ లోటూ రాదు.

పని దగ్గర పిల్లల సంగతి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. తల్లులు తెచ్చిన చిన్నపిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ అదే కూలి ఇవ్వాలి. తాగునీళ్లు, నీడ, మందుల పెట్టె కూడా ఉండాలి. వీటిలో పిల్లల సంగతే ఎక్కడా కనిపించదు. తల్లులు ఎండలో పిల్లల్ని ఎలా తేవాలని తేరు, పిల్లలే రాలేదు కదా మనిషిని ఎందుకు పెట్టాలని అధికారులు పెట్టరు. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి. నాకు దీని మీద చాలా కోపం. గట్టు పోస్తేనే పని, పిల్లల్ని కాపాడితే పని కాదన్న ఆలోచన ఇందులో ఉంది. దక్షిణాఫ్రికా 2004లో మొదలుపెట్టిన ప్రజా పనుల కార్యక్రమంలో రోడ్లు, కాలువలతో పాటు పసిపిల్లల సంరక్షణనూ, ఇళ్లలో ఉన్న రోగులకు చేసే సేవనూ కూలి ఇచ్చే పనులుగానే లెక్కించారు. ఇథియోపియాలో 2005 నుంచి నడుస్తున్న ఆహార భద్రత కార్యక్రమంలో గర్భిణులకు, బాలింతలకు పని చేయకుండానే సాయం అందుతుంది. అవన్నీ అక్కడ పూర్తిగా అమలయ్యాయని చెప్పను. కానీ ఆడమనిషి ఇంట్లో పడే చాకిరీని ముందే లెక్కలోకి తీసుకుని పథకం రాయవచ్చని ఆ దేశాలు చూపించాయి. మీ వీధి ఆడవాళ్లలో చంటిపిల్లల తల్లులు నలుగురైదుగురు ఉండకపోరు. మీలో పెద్దావిడ ఒకరిని పిల్లల దగ్గర పెట్టమని కలిసి రాసివ్వండి. ఒక్కదానివే అడిగితే సాకు చెబుతారు.

పని బరువు గురించి కూడా తెలుసుకో. కూలి రోజుకు ఇంత అని రాసి ఉన్నా, చేతికి వచ్చేది కొలతను బట్టి. జట్టులో ఎంత మట్టి తవ్వారో కొలిచి పంచుతారు. మామూలుగా మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు తట్టలు మోస్తారు. మగవాళ్లు వలస పోయిన మీలాంటి ఊళ్లలో రెండూ ఆడవాళ్లే చేస్తారు, అందుకని కూలి తగ్గుతుంది. మొదటి వారం ఒళ్లు హూనమవుతుంది, డబ్బు తక్కువ పడుతుంది. అది చూసి మానేయకు. ఎండాకాలం గట్టి నేల తవ్వేటప్పుడు ముందు రోజు నీళ్లు పెట్టి నానబెట్టే వీలుందేమో అడగండి. ఇంతకుముందు కొలత ప్రకారం పని ముగిస్తే ఎండ ఎక్కకముందే ఇంటికి పోయే వెసులుబాటు ఉండేది, ఆడవాళ్లకు అది పెద్ద ఊరట. 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఫోనులో పెట్టడం తప్పనిసరి అయ్యాక ఆ వెసులుబాటు పోయింది. రెండో ఫొటోలో లేకపోతే మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పడవు. ఇంటి దగ్గర బాబు ఏర్పాటు చేసుకునేటప్పుడు ఈ సమయం లెక్కలో పెట్టుకో.

తాత్కాలికం అన్న మాటకు వస్తాను. ఆ సారు చెప్పిన ఈ మాట గట్టిది. ఉపాధి హామీ చట్టం ఇచ్చిన నూరు రోజులు ఇంటికి కానీ మనిషికి కాదు. ఒకే కార్డులో నువ్వూ మీ అత్తామామలూ ఉంటే ఆ రోజులు మీరు పంచుకోవాలి. మీ ఆయన బెంగళూరులో ఉన్నాడు, పెద్దవాళ్లు చేయలేరు కాబట్టి నీకు ఆ రోజులన్నీ దొరకవచ్చు. ఆఫ్రికాలో మలావీ దేశపు ప్రజా పనుల మీద జరిగిన పరిశోధనలో, ఏడాదిలో కొద్ది రోజులే దొరికే ఆ పని వల్ల ఇళ్లలో తిండి మెరుగైనట్టు కనిపించలేదు. బంగ్లాదేశ్‌లో ఇంకోలా చేశారు. 1983 నుంచి కేర్ సంస్థ నడిపిన మట్టిరోడ్ల నిర్వహణ కార్యక్రమంలో ఒక్కో యూనియన్‌కు, అంటే మన పంచాయతీ లాంటిదానికి, పదిమంది నిరుపేద స్త్రీలను నాలుగేళ్ల పాటు ఏడాది పొడవునా పనిలో పెట్టుకున్నారు. కూలిలో కొంత తప్పనిసరిగా పొదుపు చేయించి, చిన్న వ్యాపారం నేర్పి పంపారు. పని ముగిసే రోజుకు ఆమె చేతిలో పెట్టుబడి ఉండేది. మనకు ఆ తప్పనిసరి లేదు, నువ్వే పెట్టుకోవాలి. నీకు పొదుపు సంఘం ఉంటే ప్రతి వారం కూలిలో ఐదో వంతు అక్కడ పడేలా చూసుకో. లేకపోతే కూలి మొత్తం అంగడి బాకీకే పోతుంది, జూన్ కల్లా ఏం మిగిలిందని వెతుక్కుంటావు. మీ మెట్టకు కూడా ఈ పథకం పనికొస్తుంది. ఐదెకరాల లోపు రైతుల సొంత పొలంలో నీటికుంటలు, పండ్ల మొక్కలు దీని కింద చేయవచ్చు. మీ మామతో మొదట ఈ మాట ఎత్తు. తన పొలంలో నీటికుంటకు దరఖాస్తు పెట్టాలనుకున్న మనిషి కోడల్ని చెరువు పనికి పోవద్దని ఎంతసేపు అంటాడు?

ఒక మార్పు చెప్పాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. అందులో ఏడాదికి 125 రోజుల పని అని ఉంది. ఖర్చులో మన రాష్ట్రం లాంటివి 40 శాతం పెట్టుకోవాలని, సాగు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపాలని కూడా ఉంది. రోజులు పెంచడం మంచిదే. ఆ 60 రోజుల సంగతి మాత్రం నాకు నచ్చలేదు. నాట్లకూ కోతలకూ ఆడవాళ్లను పిలిచే రోజుల్లోనే "మాకు వేరే పని ఉంది" అనే బలం కావాలి. ఆ రోజుల్లోనే ఈ పని ఆపితే, పక్క పొలంలో కూలి పెంచమని అడిగే నోరు మూతపడుతుంది. మీ పంచాయతీలో ఏ నెలల్లో పని ఉంటుందో, ఏ నెలల్లో ఆపుతారో సచివాలయంలో ఇప్పుడే అడిగి రాసుకో. బాబునూ పొదుపునూ ఆ లెక్కతో సర్దుకో.

చివరగా, పదో తరగతి పాసైన మనిషివి, తట్ట దగ్గరే ఆగిపోకు. జట్టుకు మేట్ కావాలి. హాజరు వేయడం, ఫోనులో ఫొటో పెట్టడం, కొలతలప్పుడు దగ్గర నిలబడటం ఆ మనిషి పని. ఆ స్థానంలో ఆడమనిషి ఉంటే నీడకు పట్ట కట్టారా, నీళ్లు వచ్చాయా, ఎవరి పేరు మస్టరులో పడలేదు అన్నవి అడగడానికి మిగతావాళ్లకు జంకు ఉండదు. ఒక నెల పని చేసి, లెక్క అర్థమయ్యాక, ఊళ్లో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను నోరు తెరిచి అడుగు. పనుల లెక్కలు ఊరి ముందు సరిచూసే సామాజిక తనిఖీ వాళ్లు వస్తే సభకు వెళ్లి కూర్చో, నీ పేరు మీద ఎన్ని రోజులు రాశారో చదివించు. ఇవన్నీ తర్వాతి మాటలు. ముందు పని కావాలని నోటితో చెప్పి రాకు, కాగితం మీద రాసివ్వు, తేదీ వేసిన రసీదు తీసుకో. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడగాల్సి వస్తుంది. అప్పుడు చూపించడానికి నీ దగ్గర ఆ రసీదు ఉండాలి.